ఒకే నీలం కాగితం, మూడు చోట్లు

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు రాజమహేంద్రవరంలో విద్యార్థులు, టీచర్ల ముందు ఒక ఔత్సాహిక మైక్రోస్కోప్ ఫొటోగ్రాఫర్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఈ బల్ల పక్కన ఫ్యాన్ ఆపించింది నేనే, తిట్టుకోకండి. స్లైడు మీద చెరువు నీటి బొట్టు ఒకటి ఉంది. గాలికి అది ఆరిపోయిందంటే అందులో ఉన్నవాళ్ల ప్రాణం పోతుంది, మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ మిగలదు.

నేను సైంటిస్టుని కాదు. బ్యాంకులో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. క్యాష్ కౌంటర్లో కూర్చున్న రోజుల్లో పెద్ద నోటు చేతికి రాగానే వెలుతురుకి ఎదురుగా పట్టి వాటర్‌మార్క్ చూసేవాళ్లం. వస్తువు మీద పడిన వెలుతురుని కాకుండా, దాన్ని దాటుకుని వచ్చిన వెలుతురుని చూడటం అక్కడే అలవాటైంది. మైక్రోస్కోపు చేసే పని కూడా అదే.

ఇదిగో, నా చేతిలో ఉన్నది నీలం జిలెటిన్ పేపరు. పూలబొకేలకి చుడతారు, వినాయక చవితి పందిళ్లలో లైట్లకి కడతారు. స్టేషనరీ షాపులో షీటు పది రూపాయలకి ఇచ్చాడు. ఇందులోంచి చిన్న ముక్క కత్తిరించి మైక్రోస్కోపులో మూడు చోట్ల పెట్టచ్చు. దీపం మీద పెడితే ఫొటో అంతా నీలం పులుముకుంటుంది. స్లైడుకి కింద ఉండే కండెన్సర్ అనే కటకం కింద, సరిగ్గా నడిమధ్యలో పెడితే వెనక తెర నీలంగా మారి, దాని మీద పురుగు తెల్లగా మెరుస్తుంది. కెమెరాకి ముందు పెడితే ఫొటో మసకబారి చెడుతుంది. కాగితం అదే, మైక్రోస్కోపు అదే, పురుగూ అదే. ఈ హాబీలో మొదటి రెండేళ్లు కనపడినవాళ్లందర్నీ ఏ ఫిల్టర్ కొనాలి అని అడిగాను. దాన్ని ఎక్కడ పెట్టాలి అని అడగాలని అప్పట్లో తోచలేదు. కొన్న ఫిల్టర్లు బీరువాలో ఒక డబ్బా నిండా ఉన్నాయి, ఇప్పటికీ మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది.

పిల్లల కోసం ఒకసారి వెలుతురు దారి చెప్పేస్తాను. అడుగున దీపం. దాని పైన కండెన్సర్, అంటే వెలుతురుని పోగుచేసి స్లైడు మీదికి పంపే కటకం. దానికి కింద తెరుచుకుని మూసుకునే ఐరిస్ ఉంటుంది, ఐరిస్ కింద పక్కకి జరిగే చిన్న గుండ్రటి రింగు ఉంటుంది. ఆ రింగు ఫిల్టర్లు పెట్టుకోవడానికే. చాలా స్కూలు మైక్రోస్కోపుల్లో దాన్ని ఎవరూ ఎప్పుడూ కదిపి ఉండరు, తుప్పు పట్టి ఉంటుంది. కండెన్సర్ పైన స్లైడు, స్లైడు పైన ఆబ్జెక్టివ్, అంటే వస్తువుని పెద్దది చేసి చూపే కటకం, ఆ పైన ఐపీస్, అక్కడ మన కన్నో కెమెరానో. నా మైక్రోస్కోపు హర్యానాలోని అంబాలాలో తయారైన మామూలు స్టూడెంట్ మోడల్. మన కాలేజీ ల్యాబుల్లో ఉండేవి చాలావరకు అక్కణ్ణుంచి వచ్చినవే. ఈరోజు తెర మీద చూసే ఫొటోలన్నీ దానితో తీసినవే.

ఫిల్టర్ రంగు వేస్తుంది అనుకుంటాం. అది వేసేదేమీ లేదు, జల్లెడలాంటిది. తెల్లటి వెలుతురులో అన్ని రంగులూ ఉంటాయి, నీలం కాగితం అందులోంచి ఎరుపునీ పసుపునీ మింగేసి మిగతాది వదులుతుంది. అంటే ఫిల్టర్ పెట్టిన ప్రతిసారీ వెలుతురు తగ్గుతుంది. తగ్గిన మేరకు కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అప్పుడు బల్ల కదిలినా, వీధిలో లారీ వెళ్లినా ఫొటో చెదిరిపోతుంది. కాబట్టి ఏదో ఒక లాభం లేకుండా ఫిల్టర్ పెట్టకూడదు. నేను బ్యాంకువాణ్ణి కదా, ఖర్చు లెక్క ముందు చూస్తాను.

మొదటి చోటు, దీపం మీద. పాత మైక్రోస్కోపుల్లో టంగ్‌స్టన్ బల్బు ఉండేది, తర్వాత హాలోజెన్ వచ్చింది. వాటి వెలుగు పసుపుపచ్చగా ఉంటుంది. అందుకని కంపెనీలే లేత నీలం గాజు బిళ్ల ఒకటి డబ్బాలో పెట్టి ఇచ్చేవి. అది పెడితే పగటి వెలుతురులా తెల్లబడేది. ఇప్పుడు అన్నిటికీ ఎల్‌ఈడీ వచ్చింది. దానికి ఆ నీలం బిళ్ల పెడితే ఫొటో ట్యూబ్‌లైటు కింద తీసిన పాస్‌పోర్టు ఫొటోలా తయారవుతుంది. తెల్ల ఎల్‌ఈడీ అసలు రూపం నీలం ఎల్‌ఈడీయే. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత పూసి తెలుపు తెప్పిస్తారు. అందులో నీలం ముందే దండిగా ఉంటుంది, మళ్లీ నీలం ఎందుకు?

ఈ మొదటి చోట నాకు జరిగిన ముచ్చట ఒకటి. నా దగ్గర హాలోజెన్ దీపం ఉన్న పాత మైక్రోస్కోపు ఒకటి ఉండేది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇదే నీలం కాగితాన్ని నాలుగు మడతలు వేసి దీపం గాజు మీద పెట్టి, ఐపీస్‌లో కన్ను పెట్టి కూర్చున్నాను. ఏదో కాలిన వాసన. వంటింట్లో పాలు మాడాయనుకుని అక్కణ్ణుంచే కేకేశాను. పాలు కాదు. కాగితం ముడుచుకుపోయి, కరిగి, గాజుకి చుయింగమ్‌లా అంటుకుపోయింది. బ్లేడుతో గీకితే గాజు మీద గీతలు పడ్డాయి, ఇంకా ఉన్నాయి. హాలోజెన్ దీపం అయితే ప్లాస్టిక్ ఏదైనా సరే దాని నెత్తిన పెట్టకండి. గాజు ఫిల్టరే పెట్టాలి, లేదా బాగా ఎత్తున కండెన్సర్ దగ్గర పెట్టాలి. ఎల్‌ఈడీ అయితే ఈ భయం లేదు.

ఇంకో చిక్కు కూడా అక్కడే తెలిసింది. దీపం గాజు మీద పెట్టిన కాగితం ముడతలు, దాని మీద దుమ్ము ఫొటోలో స్లైడు మీదే ఉన్నట్టు కనిపించేవి. నీటి బొట్టు మీద కప్పే పల్చటి గాజు, అదే కవర్‌స్లిప్, ఎన్ని సార్లు తుడిచానో లెక్కలేదు. జర్మనీలో ఆగస్ట్ కోలర్ 1893లో చెప్పిన దీపం అమరిక ఒకటుంది, ఈరోజుకీ ల్యాబుల్లో అదే పాటిస్తారు. అందులో కండెన్సర్‌ని సరిగ్గా ఫోకస్ చేస్తే దీపం గాజు దగ్గరున్న వస్తువు ప్రతిబింబం నేరుగా వచ్చి స్లైడు మీద పడుతుంది. అక్కడ పెట్టిన కాగితం ముడతా వచ్చి పడుతుంది. అదే కాగితాన్ని కండెన్సర్ కింది రింగులో పెట్టండి, ఎంత నలిగినా ముడత కనపడదు. రెండింటికీ మధ్య దూరం జానెడు కూడా ఉండదు.

దీపం మీద ఫిల్టర్‌తో నిజంగా లాభం వచ్చేది ఆకుపచ్చతో. మన ధరలో దొరికే ఆబ్జెక్టివ్‌లన్నీ అక్రోమాట్‌లు. అవి రంగులన్నిటినీ ఒకే చోట ఫోకస్ చెయ్యలేవు, ఎరుపునీ నీలాన్నీ మాత్రం దగ్గరికి తెచ్చి కలుపుతాయి. అందుకే నల్లటి గీత అంచున ఊదా రంగో ఆకుపచ్చో చారలా కనిపిస్తుంది. వాటి కటకాలు అన్నిటికన్నా బాగా పనిచేసేది ఆకుపచ్చ వెలుతురులో, 550 నానోమీటర్ల చుట్టుపక్కల. మన కంటికి పగటిపూట బాగా ఆనేది కూడా ఆ రంగే. ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టి, ఫొటోని బ్లాక్ అండ్ వైట్‌గా మార్చి చూడండి. డయాటమ్ అని గాజులాంటి పెంకుండే కంటికి కనపడని నాచు ఒకటుంది, దాని పెంకు మీది గీతలు ముందుకన్నా పదునుగా వస్తాయి. చవక ఆబ్జెక్టివ్ విలువ కాస్త పెరిగినట్టే.

నీలంతో ఇంకా సన్నటి వివరాలు రావాలి, లెక్క ప్రకారం. 1873లో ఎర్న్‌స్ట్ అబ్బే చెప్పిన సూత్రం ఉంది. ఆబ్జెక్టివ్ మీద ఎన్.ఎ. అని ఒక సంఖ్య రాసి ఉంటుంది, అది ఎంత ఏటవాలు వెలుతురుని పట్టుకోగలదో చెప్పే లెక్క. వెలుతురు అల పొడవుని ఆ సంఖ్యకి రెట్టింపుతో భాగిస్తే, విడివిడిగా కనపడగల అతి చిన్న దూరం వస్తుంది. జర్మనీలోని యేనా ఊళ్లో ఆయన స్మారకం మీద ఆ సూత్రాన్ని చెక్కారు కూడా. మన 40ఎక్స్, అంటే నలభై రెట్లు పెద్దది చేసే ఆబ్జెక్టివ్ మీద 0.65 అని ఉంటుంది. ఆకుపచ్చ 550 నానోమీటర్లని 1.3తో భాగిస్తే దాదాపు 423. నీలం 450ని భాగిస్తే దాదాపు 346. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతుల్లో ఒకటి. కాగితం మీద నీలమే గెలిచింది. నేను ఎన్నిసార్లు తీసినా నా ఫొటోల్లో మాత్రం ఆకుపచ్చే గెలిచింది. ఎందుకంటే అక్రోమాట్ నీలంలో సరిగ్గా ఫోకస్ కాదు, సూత్రం ఇచ్చిన లాభాన్ని కటకం తినేస్తుంది. రంగుల్ని ఇంకా బాగా ఒకే చోటికి తెచ్చే ఖరీదైన ఆబ్జెక్టివ్, అపోక్రోమాట్, ఉన్నవాళ్లు నీలం వాడుకోండి. మనకి ఆకుపచ్చ చాలు.

రంగు వేసిన స్లైడుల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. రంగుకి ఎదురు రంగు ఫిల్టర్ పెడితే ఆ భాగం నల్లబడి ఎత్తి కనిపిస్తుంది. మిథిలీన్ బ్లూ వేసిన ఉల్లిపొరకి నారింజ ఫిల్టర్, ఇయోసిన్ గులాబీ రంగుకి ఆకుపచ్చ. ఎరుపు ఫిల్టర్‌తో మాత్రం జాగ్రత్త. మన కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చకి, ఒకటి ఎరుపుకి, ఒకటి నీలానికి. పూర్తి ఎరుపు వెలుతురులో తీస్తే నాలుగో వంతు సెన్సరే పనిచేస్తున్నట్టు. ఇరవై మెగాపిక్సెళ్లకి డబ్బు కట్టి ఐదు వాడుకోవడం.

ఇక రెండో చోటు. నేను అసలు ఈ మాట చెప్పడానికే వచ్చాను, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పెంకుటింట్లో పెరిగినవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. పర్వాలేదు, ఉన్నారు. మధ్యాహ్నం పెంకు సందులోంచి ఎండ కడ్డీలా దిగేది గుర్తుందా? ఆ కడ్డీలో దుమ్ము రేణువులు బంగారంలా తేలుతూ ఉండేవి. ఆ దుమ్ము గది అంతా ఉంది, కానీ ఆ కడ్డీలోనే కనిపించింది. ఎందుకు? ఎండ మన కంట్లోకి నేరుగా రావడం లేదు. పక్కనుంచి పోతూ దుమ్ముని తాకి, అక్కణ్ణుంచి చెదిరిన కొంచెమే మన కంటికి చేరుతోంది. వెనక చీకటి, ముందు మెరుపు. చెరువు నీటిలో జీవులు కూడా ఆ దుమ్ములాంటివే, గాజులా ఉంటాయి. నేరు వెలుతురులో కనపడవు.

మైక్రోస్కోపులో ఆ పెంకు సందు తయారుచెయ్యాలంటే నేరుగా వచ్చే వెలుతురుని మధ్యలో ఆపెయ్యాలి, చుట్టూ అంచునుంచి వచ్చేదాన్ని వదలాలి. అంచునుంచి ఏటవాలుగా వచ్చిన వెలుతురు ఆబ్జెక్టివ్‌లోకి దూరకుండా పక్కనుంచి పోతుంది. జీవిని తాకి చెదిరింది మాత్రమే లోపలికి వస్తుంది. దీన్ని డార్క్ ఫీల్డ్ అంటారు. దీనికి బజార్లో అమ్మే పరికరాలున్నాయి. నేను వాడేది ఇది, కనపడుతోందా? బొట్టు బిళ్ల. (నవ్వులు) నిజమే చెప్తున్నాను. పారదర్శకంగా ఉండే ఓహెచ్‌పీ షీటుని కండెన్సర్ రింగులో పట్టేంత గుండ్రంగా కత్తిరించి, నడిమధ్యలో స్టిక్కర్ బొట్టు అంటించాను. మా ఆవిడ ప్యాకెట్లోంచి తీశాను. సైజులవారీగా దొరుకుతాయి, గుండ్రం కచ్చితంగా ఉంటుంది, వెల్వెట్‌ది కనక వెలుతురు దాటదు, వెనక జిగురు కూడా ఉంటుంది. ఇంతకన్నా ఏం కావాలి? ఎరుపుదైనా మెరూన్‌దైనా ఒకటే, వెలుతురు దాటనప్పుడు రంగుతో పనిలేదు.

సైజు ఎంత అని అడుగుతారు. కొలిచే పద్ధతి తేలిక. 10ఎక్స్ ఆబ్జెక్టివ్ పెట్టండి, స్లైడుకి ఫోకస్ చెయ్యండి. ఐపీస్ తీసేసి ఖాళీ గొట్టంలోకి చూడండి, అడుగున గుండ్రటి వెలుగు బిళ్ల కనిపిస్తుంది. ఇప్పుడు ఐరిస్‌ని పూర్తిగా తెరిచి, మెల్లిగా మూస్తూ రండి. ఐరిస్ అంచు ఆ వెలుగు బిళ్ల అంచుని తాకగానే ఆపండి. కిందనుంచి స్కేలు పెట్టి ఐరిస్ రంధ్రం ఎంతుందో కొలవండి. దానికన్నా ఒక్క పిసరు పెద్ద బొట్టు కావాలి. నా మైక్రోస్కోపులో 10ఎక్స్‌కి ఏడెనిమిది మిల్లీమీటర్లు వచ్చింది. 40ఎక్స్‌కి పెద్దది కావాలి, అప్పుడు చుట్టూ మిగిలే సందు సన్నబడి వెలుతురు చాలదు. 4ఎక్స్, 10ఎక్స్‌లతో మొదలుపెట్టండి. బొట్టు పెట్టాక ఐరిస్ మళ్లీ పూర్తిగా తెరవడం మర్చిపోవద్దు. మర్చిపోతే అంతా చీకటే, దీపం పోయిందనుకుంటారు.

ఇప్పుడు ఆ బొట్టు తీసేసి, దాని స్థానంలో అదే సైజు నీలం కాగితం బిళ్ల పెట్టండి. చుట్టూ సందు ఖాళీగా వదలండి, లేదా పసుపు కాగితం రింగు అంటించండి. మధ్య నీలంలోంచి వచ్చిన వెలుతురు నేరుగా కెమెరాకి చేరి వెనక తెర అవుతుంది. పసుపు రింగులోంచి వచ్చిన వెలుతురు పక్కనుంచి పోతూ, జీవిని తాకిన చోట మాత్రమే లోపలికి చెదురుతుంది. నీలం తెర మీద బంగారు రంగు రోటిఫర్, నీటిలో ఉండే సూక్ష్మజీవి. తెర మీద చూడండి, ఇది మా వీధి చివర పంటకాలువలోది. తలమీద రెండు చక్రాలు తిరుగుతున్నట్టున్నాయి చూశారా, అవి సన్నటి వెంట్రుకలు, కొడుతూ ఉంటాయి. ఒక్కో వెంట్రుకా పసుపు రంగులో విడిగా కనిపిస్తోంది.

తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది తిరగేసిన పద్ధతి. అక్కడ దీపం తెల్లటిది, రంగు బొమ్మకి ఉంటుంది. తోలుని గీకి పల్చగా చేసి, రంగులద్ది, వెనక దీపం పెడతారు. ఇక్కడ బొమ్మకి ఏ రంగూ లేదు. రంగు వేస్తే చాలాసార్లు చచ్చిపోతుంది కూడా. అందుకని దీపానికి రెండు రంగులు వేసి, ఏది తెరకి పోవాలో ఏది బొమ్మకి పోవాలో విడగొట్టాం.

ఇది కొత్తదేమీ కాదు. 1896లో బ్రిటన్‌లో జూలియస్ రైన్‌బర్గ్ రాయల్ మైక్రోస్కోపికల్ సొసైటీ పత్రికలో దీన్ని ప్రకటించాడు, అందుకే రైన్‌బర్గ్ పద్ధతి అంటారు. ఇంకా వెనక్కి పోతే, 1665లో రాబర్ట్ హుక్ ఎండ నేరుగా పడకుండా నూనె రాసిన కాగితం ముక్కని వస్తువు దగ్గర అడ్డం పెట్టుకున్నానని రాసుకున్నాడు. నా మైక్రోస్కోపులో దీపం మీద ఉన్న బటర్ పేపర్ ముక్క ఆ వంశంలోదే.

ఇందులో అందరూ చేసే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను. మధ్య బిళ్ల ఒక్క పొర కాగితంతో చేస్తారు. నేరుగా వచ్చే వెలుతురు చెదిరి వచ్చేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కదా, అప్పుడు తెర కళ్లు చెదిరేలా మండిపోయి జీవి వెలిసిపోతుంది. మధ్యలో ముదురు నీలం మూడు నాలుగు పొరలు వెయ్యండి. రింగు మాత్రం ఒక్క పొర, లేత రంగు. మధ్యలో పసుపు, చుట్టూ నీలం పెట్టి చూశాను. అస్సలు బాగుండదు, కామెర్లు వచ్చినట్టుంటుంది.

ఇలాంటి ఫొటో ఎవరికైనా చూపించేటప్పుడు కింద రైన్‌బర్గ్ అని రాయండి. మా బంధువులొకరు నా ఫొటో చూసి, కాలువలో బంగారు పురుగులున్నాయట అని నలుగురికీ చెప్పారు.

మూడో చోటు, స్లైడుకి పైన. ఆబ్జెక్టివ్ దాటాక వెలుతురు బొమ్మని మోసుకొస్తూ ఉంటుంది. కింద ఉన్నంతవరకు అది ఉత్త వెలుతురు, పైకి వచ్చాక అందులో బొమ్మ ఉంది. ఆ దారిలో జిలెటిన్ కాగితం పెడితే దాని ఎగుడుదిగుళ్లు బొమ్మని పాడుచేస్తాయి. మరి పైన ఎప్పుడూ ఏమీ పెట్టకూడదా అంటే, కింద ఒకటి, పైన ఒకటి జంటగా పెట్టాల్సినప్పుడు పెట్టాలి. ఖర్చు పెట్టాలనుకుంటే అక్కడ పెట్టండి, మంచి గాజుకి.

ఆ జంట విద్య గురించి చెప్పుకోవాలంటే ఈ రోజు గుర్తుకి రావాల్సిన మనిషి ఒకరున్నారు. 1928 ఫిబ్రవరి 28. విశాఖపట్నంలో చదువుకున్న కుర్రాడు సి.వి. రామన్ అప్పటికి కలకత్తాలో పెద్ద ప్రొఫెసర్. ఆయనా, కె.ఎస్. కృష్ణన్ కలిసి చేసిన ప్రయోగాల్లో దీపం సూర్యుడే. ద్రవంలోకి పోయే ఎండకి నీలం-ఊదా ఫిల్టర్ అడ్డం పెట్టారు. ద్రవం నుంచి చెదిరి కంటికి వచ్చే దారిలో దానికి ఎదురు రంగు ఫిల్టర్ పెట్టారు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే చీకటే. మొదటిది వదిలినదాన్ని రెండోది మింగేస్తుంది. అయినా సన్నటి వెలుగు ఒకటి వచ్చింది. అంటే ద్రవంలో చెదిరేటప్పుడు కొంత వెలుతురు రంగు మార్చుకుంది. దాన్నే రామన్ ఎఫెక్ట్ అంటారు. మనం ఈరోజు ఇక్కడ కూర్చున్నది ఆ సన్నటి వెలుగు పేరు మీదే.

అదే ఉపాయంతో పాలకూర ఆకు ముక్కని చూడచ్చు. కిందనుంచి ముదురు నీలం వెలుతురు, కెమెరా ముందు ముదురు నారింజ గాజు. నీలం ఆగిపోతుంది, తెర చీకటవుతుంది. ఆకులోని పత్రహరితం మాత్రం నీలం తాగి ఎర్రగా వెలుగుతుంది. ఇది రామన్ ఎఫెక్ట్ కాదు, ఫ్లోరెసెన్స్. వేరే సంగతి. ఫిల్టర్లు పెట్టిన చోట్లు మాత్రం అవే.

జంటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పోలరైజర్ల జంట. వెలుతురు అలలు అన్ని దిక్కులకీ ఊగుతుంటాయి, పోలరైజర్ ఒక్క దిక్కున ఊగేవాటినే వదిలే ఫిల్టర్. ఒకటి దీపం మీద, ఒకటి ఐపీస్ మీద. పైదాన్ని తిప్పుతూ పోతే ఒక చోట వెలుతురు పూర్తిగా ఆరిపోతుంది. అప్పుడు స్లైడు మీద యూరియా పెట్టండి. మన పొలంలో వేసే యూరియాయే, నాలుగు గింజలు. కాసిని నీళ్లలో కరిగించి ఒక చుక్క స్లైడు మీద పల్చగా పరిచి ఆరనివ్వండి. వర్షాకాలంలో అయితే సరిగా ఆరదు, తేమ పీల్చుకుంటుంది. ఇప్పుడు మన దగ్గర అమ్మే యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, అందుకని అక్కడక్కడ నూనె చుక్కలు కనపడితే కంగారుపడకండి. ఆరుతున్నప్పుడే చూడండి. చీకట్లో ఒక మూల గోరింట పూవంత రంగు మొలిచి, సూదులు సూదులుగా, విసనకర్ర విచ్చుకున్నట్టు స్లైడంతా పాకుతుంది. మా మనవరాలు మొదటిసారి చూసి, తాతయ్యా, బాణసంచా ఆగిపోయింది అంది. ఆరిపోయింది అనలేదు, ఆగిపోయింది అంది.

రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏ రంగు కాగితమూ పెట్టలేదే? యూరియా స్ఫటికంలోకి వెళ్లిన వెలుతురు రెండుగా చీలుతుంది. జోడెద్దుల్లో ఒకటి వెనకబడినట్టు, రెండింట్లో ఒకటి కాస్త నెమ్మదిగా నడుస్తుంది. బయటికొచ్చి పైన ఉన్న పోలరైజర్ దగ్గర మళ్లీ కలిసినప్పుడు, ఎంత వెనకబడిందనే దాన్నిబట్టి కొన్ని రంగులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలినవి కనిపిస్తాయి. స్ఫటికం మందం మారితే వెనకబాటు మారుతుంది, రంగు మారుతుంది. పంచదార, నిమ్మ ఉప్పు, విటమిన్ సి బిళ్ల పొడి, అన్నీ ఇలా వెలుగుతాయి. మామూలు ఉప్పు మాత్రం వెలగదు. పటిక కూడా వెలగదు. వాటి స్ఫటికాలు ఘనాకారం, ఏ దిక్కున పోయినా వెలుతురు ఒకే వేగంతో పోతుంది, చీలదు. పంచదారలో ఉప్పు కలిసిందో లేదో ఇలా చూసి చెప్పచ్చు. నాకు తెలిసి ఎవరూ అలా కల్తీ చెయ్యరనుకోండి, నాలిక మీద వేసుకుంటే సరి.

బంగాళాదుంప కోసిన చోట బ్లేడుతో గీకి, ఆ పాలని నీటి చుక్కలో కలిపి చూడండి. ఒక్కో పిండి రేణువులో నల్లటి ఇంటూ గుర్తు కనిపిస్తుంది. పైన పోలరైజర్ తిప్పితే ఆ గుర్తూ కదులుతుంది. ఇంకో చిట్కా, పారదర్శకంగా ఉండే సెల్లోటేప్ ముక్కని గాజు మీద అంటించి, రెండు పోలరైజర్ల మధ్య ఏటవాలుగా దూర్చండి. చీకటి తెర కాస్తా రంగులోకి మారుతుంది. పొర మీద పొర వేస్తే రంగు మారుతుంది. ల్యాబువాళ్లు ఈ పనికి వేవ్ ప్లేట్ అని వేలు పోసి కొంటారు.

పోలరైజర్ ఎక్కడ దొరుకుతుంది? పాడైపోయిన క్యాలిక్యులేటర్ తెర మీద ఉండే పల్చటి నల్ల పొర అదే. ఎల్‌సీడీ డిస్‌ప్లేలన్నిట్లోనూ ఉంటుంది. నేను హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో పగిలిన డిస్‌ప్లేలు అడిగి తెచ్చుకున్నాను. మీ ఊళ్లో మొబైల్ రిపేరు షాపులో అడిగినా ఇస్తారు. ఎందుకు అని మాత్రం అనుమానంగా చూస్తారు.

కెమెరా షాపులో అమ్మే సీపీఎల్, అంటే సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్లు కూడా పనికొస్తాయి, కానీ అవి నన్ను ఒక నెల ఏడిపించాయి. రెండు కొన్నాను. తిప్పినా తిప్పినా చీకటి రాదు, గోధుమరంగు నీలంగా, నీలం గోధుమరంగుగా మారుతుందంతే. మోసపోయానని అనుకున్నాను. తప్పు నాదే. సీపీఎల్‌లో రెండు పొరలుంటాయి. బయటివైపు పోలరైజర్, కెమెరావైపు ఇంకో పొర. ఆ రెండో పొర వెలుతురుని మళ్లీ మెలితిప్పుతుంది. అది స్లైడు వైపు ఉంటే పని చెడుతుంది. రెండు ఫిల్టర్ల బయటి ముఖాలూ స్లైడు వైపే చూడాలి, అంటే కిందదాన్ని మరలున్న వైపు దీపంకేసి పెట్టాలి. ఏది ఏ వైపో గుర్తుపట్టాలంటే ఫిల్టర్‌ని కంటికి పెట్టుకుని అద్దంలోకి చూడండి. ఒక వైపు తిప్పితే అద్దంలో ఫిల్టర్ మామూలుగా ఉంటుంది, రెండో వైపు తిప్పితే నల్లగా మారిపోతుంది. నల్లగా మారినప్పుడు అద్దంవైపున్నది మెలితిప్పే పొర.

ప్రశ్నలు అడగండి. చెప్పు బాబూ.

(ఒక విద్యార్థి: ఫోన్‌తో తియ్యచ్చా అండీ?)

తియ్యచ్చు, ఇక్కడ చూపించినవాటిలో సగం ఫోనువే. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఫోన్ తెలివిగలది, నీలం తెర చూసి, లైటు తేడాగా ఉందనుకుని తెల్లగా సరిదిద్దేస్తుంది. నువ్వు గంట కష్టపడి చేసిన రంగుని అర సెకనులో కడిగేస్తుంది. ప్రో మోడ్‌లోకి వెళ్లి, ఫిల్టర్ పెట్టకముందు వైట్ బ్యాలెన్స్ సరిచేసి లాక్ చెయ్యి, ఆ తర్వాత ఫిల్టర్ పెట్టు. వెనక తెర చీకటిగా ఉంటే ఎక్స్‌పోజర్ కూడా తగ్గించాలి. లేకపోతే చీకటిని వెలుగు చేద్దామని చూసి జీవిని తెల్ల ముద్దలా చేస్తుంది.

మాస్టారు ఏదో అంటున్నారు, చెప్పండి సార్.

(ఒక ఉపాధ్యాయుడు: ఈ రంగులన్నీ తర్వాత కంప్యూటర్లో వేసుకోవచ్చు కదా, ఈ శ్రమ ఎందుకు?)

మంచి ప్రశ్న సార్. దీపం మీద పెట్టిన ఫిల్టర్ సంగతైతే మీరన్నది చాలావరకు నిజం. మామూలు రంగు ఫొటో తీసి, అందులో ఆకుపచ్చ ఛానెల్ ఒక్కటే తీసుకుంటే దాదాపు ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టినట్టే. నేనూ అలాగే చేస్తున్నాను ఈమధ్య. కానీ కండెన్సర్ కింద పెట్టినదాన్ని కంప్యూటర్ చెయ్యలేదు. సెన్సర్ మీద పడ్డాక ఏ వెలుతురు నేరుగా వచ్చింది, ఏది పురుగుని తాకి చెదిరి వచ్చింది అనేది కలిసిపోతుంది. పాలల్లో నీళ్లు కలిశాక విడదీసినట్టే. పోలరైజర్లూ అంతే. యూరియా ఫొటో ఫిల్టర్ లేకుండా తీస్తే తెల్లకాగితం మీద గాజుపెంకుల్లా ఉంటుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా ఆ రంగులు రావు, ఎందుకంటే అందులో అవి లేవు. కాబట్టి మొదటి చోటుని కంప్యూటర్‌కి వదిలెయ్యచ్చు. రెండో చోటు మనదే.

ఇంకో ప్రశ్న తీసుకుందామంటే నీటి బొట్టు అంచులు లోపలికి జరుగుతున్నాయి, నాకు టెన్షన్‌గా ఉంది. అద్దం ఉన్న పాత మైక్రోస్కోపులు స్కూల్లో ఉంటే ఎండని నేరుగా అద్దంలోకి తిప్పి ఎవరూ కన్ను పెట్టొద్దు, చూపు పోతుంది. ఆ ఒక్కటీ టీచర్లు చూసుకోండి.

ఇప్పుడు చిన్నపిల్లలు ముందు రండి, వరసగా. బల్లని తగలకండి. ఐపీస్‌కి కన్ను ఆనించకుండా కొంచెం ఎడంగా పెట్టి చూడు తల్లీ. నీలంగా ఉందా? మధ్యలో ఏదైనా కదులుతోందా? అదిగో, అదే. ఇంకో చేత్తో ఆ కండెన్సర్ కింద రింగు ఉంది చూడు, దాన్ని మెల్లిగా పక్కకి జరుపు. ఏమైంది? పురుగు మాయమైందా? మళ్లీ లోపలికి జరుపు.